ఊరు మారాలంటే ముందు ఏడాది ఖర్చు చేతిలో ఉండాలి

ప్రశ్న: నా వయసు 41. హైదరాబాద్ కూకట్‌పల్లిలో ఉంటున్నాం. ఒక ప్రైవేటు కంపెనీ అకౌంట్స్ విభాగంలో పని చేస్తున్నాను. చేతికొచ్చే జీతం 85 వేలు, అద్దెతో కలిపి ఖర్చు 68 వేలు. పాప తొమ్మిదో తరగతి, బాబు ఐదు. మా నాన్నగారు కందుకూరులో ఒక్కరే ఉంటున్నారు. ఆయనకు 70 ఏళ్లు, షుగర్ ఉంది. నెల్లూరులో ఒక రొయ్యల ఎగుమతి సంస్థలో 52 వేలకు ఉద్యోగం వచ్చింది. అక్కడైతే 38 వేలతో నెల గడిచిపోతుందని మా లెక్క. బ్యాంకులో రెండు లక్షలు, ఇంట్లో 18 సవర్ల బంగారం ఉన్నాయి. రామాయపట్నం పోర్టు దగ్గర 18 లక్షల ప్లాటు చూశాం. బంగారం మీద 8 లక్షలు, తెలిసినవాళ్ల దగ్గర రెండు రూపాయల వడ్డీకి 8 లక్షలు, బ్యాంకులోని రెండు లక్షలు కలిపి కొనేద్దామనుకుంటున్నాం. స్థిరపడటానికి నెల్లూరు మంచిదా, ఒంగోలా?

జవాబు: మీరు అడిగింది ఊరి గురించి. నా చూపు మాత్రం ఆ రెండు రూపాయల వడ్డీ దగ్గరే ఆగిపోయింది. దాని సంగతి తర్వాత చెబుతాను. ముందు మీ లెక్కలో కనబడని ఖర్చు ఒకటుంది. సొంత జిల్లాకు వెళ్లిపోదామనుకునే వాళ్లలో చాలామంది చేసే పొరపాటే మీరూ చేస్తున్నారు. అక్కడ ఖర్చు తక్కువ కాబట్టి చేతిలో డబ్బు తక్కువున్నా నడిచిపోతుందనుకుంటున్నారు. నిజానికి చిన్న ఊరికి వెళ్లేవాళ్లకే అత్యవసర నిధి ఎక్కువ కావాలి.

ఎందుకంటారా? హైదరాబాద్‌లో ఉద్యోగం పోతే రెండు మూడు నెలలు తిరిగి ఇంకోటి వెతుక్కోవచ్చు. ఇల్లు మారక్కర్లేదు, పిల్లల స్కూలు మారక్కర్లేదు. నెల్లూరులో మీ అనుభవానికి 50 వేలిచ్చే సంస్థలు అన్ని ఉండవు. పైగా అక్కడి వ్యాపారాలు చాలావరకు ఒకదాని మీద ఒకటి ఆధారపడి ఉంటాయి. 2025లో అమెరికా సుంకాలు పెంచినప్పుడు దెబ్బ రొయ్యల రైతు దగ్గరే ఆగలేదు. మేత, ఐసు, రవాణా, ప్రాసెసింగ్, అన్నిటికీ టెన్షన్ పట్టుకుంది. మీకొచ్చిన ఉద్యోగం సరిగ్గా ఆ రంగంలోనే. అది పోయిన రోజు పక్క కంపెనీలో కూడా ఖాళీ ఉండదు. ఒంగోలు వెళ్లినా కథ పెద్దగా మారదు. అక్కడ పొగాకు, చీమకుర్తి గ్రానైట్. వాటికీ బయటి దేశాల గిరాకీయే ఆధారం.

అందుకే మామూలుగా ఆరు నెలల ఖర్చు చాలని చెప్పే నేను, మీకు మాత్రం పన్నెండు నెలలది ఉంచుకోమంటున్నాను. 38 వేల చొప్పున నాలుగున్నర లక్షలు దాటుతుంది. స్కూలు ఫీజులు, బీమా ప్రీమియం, నాన్నగారి కోసం అర్ధరాత్రి కారు మాట్లాడుకుని చెన్నైకి పరుగెత్తాల్సి వస్తే అయ్యే ఖర్చు కూడా కలిపి ఐదున్నర లక్షలు అనుకోండి. మీ దగ్గర ఉన్నది రెండు. ఆ రెండూ ప్లాటులో పోస్తానంటున్నారు!

ఇప్పుడు అప్పు. నూటికి రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. 8 లక్షలకు నెలకు 16 వేలు, అసలు ఒక్క రూపాయి కూడా తగ్గకుండా. బంగారం అప్పుకు 10 శాతమే వేసుకున్నా ఇంకో ఆరేడు వేలు. మొత్తం 22 వేల పైమాటే. కొత్త జీతంలో మీకు మిగిలేది 14 వేలు. మొదటి నెల నుంచే ఎనిమిది వేలకు పైగా లోటన్నమాట. వృత్తిరీత్యా అకౌంట్స్ చూసే మీరు కంపెనీ పుస్తకాల్లో ఇలాంటి లెక్క కనబడితే ఊరుకుంటారా? తెలిసినవాళ్లు కాబట్టి ఒత్తిడి చేయరని ధీమాగా ఉన్నట్టుంది. రెండు నెలలు వడ్డీ ఆగితే ముందు చెడేది ఆ పరిచయమే.

పోర్టు వస్తుంది కాబట్టి ధర పెరుగుతుందంటారు. రామాయపట్నం పోర్టుకు 2022 జూలైలో శంకుస్థాపన జరిగింది, పోర్టు గురించి నాకు అనుమానం లేదు. కానీ పోర్టు పేరు చెప్పి ప్లాటు అమ్మేవాడు రాబోయే పెరుగుదలను ఈ రోజు ధరలోనే కలిపేస్తాడు. ప్రకాశం జిల్లావాళ్లకు దొనకొండ గుర్తుండే ఉంటుంది. 2014లో రాజధాని వస్తుందన్న మాటకే అక్కడ భూముల ధరలు పెరిగాయి. రాజధాని అమరావతికి వెళ్లింది. దగదర్తి విమానాశ్రయం మాట కూడా ఎన్నేళ్లుగానో వింటున్నాం. సొంత డబ్బుతో కొన్నవాళ్లు పదేళ్లు ఎదురు చూడగలరు. 24 శాతం వడ్డీ కట్టేవాళ్లకు ఆ ఓపిక ఉండదు, రెండేళ్లలోనే వచ్చినకాడికి అమ్ముకుంటారు.

ఇక ఊరు. బతకడానికి నెల్లూరు నిస్సందేహంగా మంచి ఊరే. ఆసుపత్రులు, కాలేజీలు ఒంగోలు కంటే ఎక్కువ. పెద్ద జబ్బు చేస్తే చెన్నై సుమారు 175 కిలోమీటర్లు. సికింద్రాబాద్–తిరుపతి వందే భారత్ రెండు ఊళ్లలోనూ ఆగుతుంది కాబట్టి హైదరాబాద్ రాకపోకలకు తేడా లేదు. నాన్నగారి దగ్గరికి పరుగెత్తాలంటే మాత్రం ఒంగోలే నయం. దూరం చూస్తే కందుకూరుకు ఒంగోలే దగ్గర. ఉద్యోగం నెల్లూరులో వచ్చింది కాబట్టి ఆయన్ను మీతో పాటు తెచ్చుకునే మాట ముందే మాట్లాడుకోండి.

ఇల్లు మాత్రం అద్దెకే తీసుకోండి. ఒక మే నెల ఎండ, ఒక అక్టోబరు–డిసెంబరు వాన చూడకుండా ఏమీ కొనొద్దు. నెల్లూరు జిల్లాలో ఎక్కువ వాన పడేది ఈశాన్య రుతుపవనాలప్పుడే. 2021 నవంబరులో సోమశిల జలాశయం నుంచి వచ్చిన నీటితో పెన్నా నది పొంగి, నెల్లూరు పక్కనే ఉన్న పడుగుపాడు దగ్గర రైలు పట్టాలే కొట్టుకుపోయాయి, హైవే మీద రాకపోకలు ఆగాయి. అద్దె ఇల్లు చూసేటప్పుడు ఇంటి యజమానిని కాదు, పక్కింటివాళ్లను అడగండి, అప్పుడు నీళ్లు ఎంతవరకు వచ్చాయని. ఒంగోలు వైపు చూస్తే అడగాల్సింది మంచినీళ్లు ఎన్ని రోజులకోసారి వదులుతారని. అక్కడ నీళ్ల ట్యాంకరు కూడా నెల ఖర్చే.

పాప పదో తరగతి అయ్యేదాకా మీరు కదలకపోవడమే మంచిదని నా అభిప్రాయం. ఇప్పుడు నెలకు మిగులుతున్న 17 వేలు అలాగే దాస్తే ఏడాదికి రెండు లక్షలు చేరతాయి. మిగిలినదానికి, మీ ఆవిడ ఒప్పుకుంటే, బంగారం తాకట్టు పెట్టే బదులు కొన్ని సవర్లు అమ్మండి. వడ్డీ ఉండదు, వేలం నోటీసు రాదు. ఆ డబ్బును ఫిక్స్‌డ్ డిపాజిట్లో, లిక్విడ్ ఫండ్లో (కావలసినప్పుడు త్వరగా వెనక్కి తీసుకోగల మ్యూచువల్ ఫండ్) పెట్టి మరచిపోండి. పీఎఫ్ జోలికి వెళ్లొద్దు. ఈలోగా ఈ ఉద్యోగం చేజారితే చేజారనివ్వండి, ఏడాది తర్వాత ఇంకోటి వెతుక్కోవచ్చు.

ఆరోగ్య బీమా ఒక్కటి వాయిదా వేయకండి. కంపెనీ ఇచ్చిన గ్రూప్ పాలసీ ఉద్యోగంతోనే పోతుంది. సొంత పాలసీ రాజీనామాకు ముందే తీసుకోండి. మొదటి 30 రోజులు ప్రమాదాలకు తప్ప క్లెయిమ్ ఉండదు, పాత జబ్బులకు మూడేళ్ల దాకా ఆగాల్సి రావచ్చు. నాన్నగారికి విడిగా తీసుకోండి, షుగర్ సంగతి దాచకుండా రాయండి.

స్థలం మీద ఆశ చావకపోతే, నిధి నిండాక బ్యాంకు అప్పుతోనే చూడండి. లేఅవుట్ అనుమతి, రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) నమోదు అడగండి. అటువైపు ధర అంకణాల్లో చెబుతారు. హైదరాబాద్‌లో గజాలకు అలవాటు పడినవాళ్లు అక్కడే బోల్తా పడతారు. అంకణం అంటే ఎన్ని గజాలో అమ్మేవాడి చేతే కాగితం మీద రాయించుకోండి.