హెడ్‌సెట్లు వచ్చాయని సర్జన్ చదువు మానెయ్యాలా?

ప్రశ్న: మాది గుంటూరు. మా అమ్మాయి విజయవాడలో హాస్టల్లో ఉండి ఇంటర్ సెకండియర్ బైపీసీ చదువుతోంది. తనని సర్జన్ చెయ్యాలని మా ఆశ. డాక్టర్లు కళ్ళకు హెడ్‌సెట్ పెట్టుకుని ఆపరేషన్ చేస్తున్న వీడియోలు చూశాక టెన్షన్ పట్టుకుంది. తన చదువు అయ్యేసరికి పనంతా మెషిన్లే చేస్తాయేమో! ఒకాయన ఏఆర్, వీఆర్ (కళ్ళ ముందు కంప్యూటర్ బొమ్మలు చూపించే టెక్నాలజీలు) హెల్త్‌కేర్ డిగ్రీ మంచిదంటున్నారు. ఫోన్లో ఈ మాట ఎత్తితే అమ్మాయి ఏడుస్తోంది. రెండూ పోల్చి చెప్పండి.

జవాబు: నిన్నమొన్నటిదాకా రోబోలు వస్తున్నాయని అడిగేవారు, ఇప్పుడు హెడ్‌సెట్ అంటున్నారు. భయం మాత్రం ఒకటే. పదేళ్ళు చదివించాక పిల్ల చేతికి పని ఉంటుందా అని. ఉంటుందండీ, ధైర్యంగా ఉండండి.

ల్యాప్రోస్కోపీలో పొట్టకు చిన్న రంధ్రాలు పెట్టి కెమెరా, పరికరాలు లోపలికి పంపుతారు. లోపలిదంతా మానిటర్ మీద కనిపిస్తుంది. చేతులు ఒకవైపు, చూపు ఇంకోవైపు. గంటల తరబడి అలా నిలబడితే సర్జన్‌కి మెడ పట్టేస్తుంది. హెడ్‌సెట్ ఆ బొమ్మనే కళ్ళ ముందుకు తెస్తుంది, కావాలంటే పక్కనే స్కాన్ కూడా చూపిస్తుంది. ఎక్కడ కొయ్యాలో, రక్తం చిమ్మితే ఏం చెయ్యాలో తేల్చుకోవాల్సింది మాత్రం సర్జనే. హెడ్‌సెట్ బరువు, తలనొప్పి, కళ్ళ అలసట అదనం. 2024లో చెన్నైలో ఆపిల్ విజన్ ప్రో హెడ్‌సెట్ పెట్టుకుని ఆపరేషన్లు చేసింది కూడా ల్యాప్రోస్కోపీలో చెయ్యి తిరిగిన సర్జన్లే.

ఇక ఆ డిగ్రీ మీద నాకు గట్టి అనుమానాలే ఉన్నాయి. 2013లో గూగుల్ గ్లాస్ అనే కంప్యూటర్ కళ్ళజోడు వచ్చినప్పుడూ ఇంతే హడావుడి. 2023లో దాని అమ్మకాలే ఆపేశారు. మైక్రోసాఫ్ట్ హెడ్‌సెట్ హోలోలెన్స్ 2 తయారీ 2024లో ఆగిపోయింది. ఇలాంటి పరికరాన్ని నమ్ముకుని డిగ్రీ చదివితే, పట్టా చేతికొచ్చేలోపే ఆ పరికరం మూలన పడొచ్చు. పిల్లల్ని ఏ ఆసుపత్రి థియేటర్‌కి పంపుతారో, పాత బ్యాచ్ వాళ్ళు ఇప్పుడెక్కడ పనిచేస్తున్నారో ఆ కాలేజీలో అడగండి. నీళ్ళు నమిలితే లేచి వచ్చేయండి.

యంత్రాలంటే నిజంగా ఇష్టమైతే బయోమెడికల్ ఇంజనీరింగ్ ఉంది, కానీ అందులో లెక్కలు తప్పవు. థియేటర్ వాతావరణం ఇష్టమైతే బైపీసీ పిల్లలకు ఆపరేషన్ థియేటర్ టెక్నాలజీ బీఎస్సీ ఉంది. ఎంబీబీఎస్ సీటు రాకపోతే అదేం చిన్నతనం కాదు.

ఒక మాట అంటాను, కోపం తెచ్చుకోకండి. మీరు రాసింది రెండుసార్లు చదివాను. అందులో మీ ఆశ ఉంది, ఆ ఒకాయన సలహా ఉంది. అమ్మాయి ఏమందో ఒక్క ముక్క లేదు. రెండేళ్ళుగా కష్టపడుతున్న పిల్లతో, అదీ పరీక్షల ముందు, నువ్వు చదివేది పనికిరాదేమో అంటే ఏడవక ఏం చేస్తుంది? ఆ చర్చ ఇప్పటికి ఆపండి. పరీక్షలయ్యాక ఎదురుగా కూర్చోబెట్టుకుని, రోగికి వైద్యం చెయ్యడం ఇష్టమా, యంత్రం సంగతి తేల్చడం ఇష్టమా అని అడగండి. తను చెప్పింది తన మాటల్లోనే నాకు రాయండి, దారి అప్పుడు మాట్లాడుకుందాం.