కొండ దాటితే ఐదు మారిపోయింది

"ఇంగ్లండ్ అంతా ఒకేలా ఉంటుందా, ప్రాంతానికో తీరు ఉంటుందా?" అని అడిగారు. ప్రాంతానికో తీరు తప్పకుండా ఉంటుంది. కాకపోతే రైలు కిటికీలోంచి అది కనబడదు, నడవాలి. మన ఊళ్ల నుంచి వచ్చేవాళ్లు నాలుగు రోజులు లండన్ తిరిగి "ఇంగ్లండ్ చూసేశాం" అంటుంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

నేను ఒక మే నెలలో పడమటి తీరాన సెయింట్ బీస్ నుంచి తూర్పు తీరాన రాబిన్ హుడ్స్ బే దాకా నడిచాను. కోస్ట్ టు కోస్ట్ అంటారు, దాదాపు 300 కిలోమీటర్లు. ముందు లేక్ డిస్ట్రిక్ట్ అనే కొండలు, సరస్సుల ప్రాంతం వస్తుంది. అక్కడివి హెర్డ్‌విక్ గొర్రెలు. నల్లగా పుట్టి, పెరిగేకొద్దీ ఒళ్లంతా నెరుస్తాయి. కిర్క్‌బీ స్టీఫెన్ ఊరు దాటాక నైన్ స్టాండర్డ్స్ కొండ ఎక్కాలి, దారంతా బురద. ఇవతలి వాగులు పడమటి సముద్రానికి, అవతలివి తూర్పు సముద్రానికి పోతాయి. దిగితే యార్క్‌షైర్‌లోని స్వేల్‌డేల్ లోయ. ఇక్కడి గొర్రెకి మొహం నలుపు, మూతి తెలుపు, మెలి తిరిగిన కొమ్ములు. పొలాల నడుమ రాతి కొట్టాలు.

ఆ లోయలోనే కెల్డ్ అనే ఊరి దగ్గర ఒక పెద్దాయన కూలిన గోడ పేరుస్తున్నాడు. సున్నం లేదు, సిమెంటు లేదు. ఒక్కో రాయినీ తిప్పి చూసి, కింది రెండు రాళ్ల అతుకు మీద పడేట్టు పెడుతున్నాడు. నడిమి సందులో చిన్న రాళ్లు కూరుతున్నాడు. నన్ను చూసి "నౌ దెన్" అన్నాడు. యార్క్‌షైర్‌లో పలకరింపే అది, మన "ఏంటి సంగతులు" లాగా. వాళ్ల తాత గొర్రెల్ని ఎలా లెక్కపెట్టేవాడో చెప్పాడు: యాన్, టాన్, టెదర్, మెదర్, పిప్. ఐదారు రోజుల ముందు లేక్ డిస్ట్రిక్ట్‌లోని బారోడేల్‌లో నేను దిగిన ఇంటావిడ ఇదే లెక్క చెబుతూ ఐదుని "పింప్" అంది! మా నాయనమ్మ వడ్లు కొలుస్తూ ఒకటి అనకుండా "లాభం, రెండు, మూడు" అనేది. ఆ గోడ పక్కన నాయనమ్మ గొంతే వినిపించింది నాకు.

చివర రాబిన్ హుడ్స్ బేలో ఇళ్లకి ఎర్ర పెంకులు. లేక్ డిస్ట్రిక్ట్‌లో చూసినవన్నీ పలకరాతి కప్పులే.

ఒక్క బాధ ఏంటంటే, ఒంటరిగా వెళ్తే చాలాచోట్ల ఇద్దరి గది అద్దె కట్టించుకుంటారు. తోడు చూసుకుని వెళ్లండి. పడమటి నుంచి తూర్పుకే నడవండి, గాలి ఎక్కువగా వీపు మీద ఉంటుంది.