చెరువులో బాతులు మెడ వాల్చేస్తున్నాయి, బర్డ్ ఫ్లూనేనా? (సమాధానం)

మీ ఊరి చెరువు ఎండిపోతోందని, అడవి బాతులు మెడ నిలపలేక గట్టున పడిపోతున్నాయని, చచ్చినవాటిని మీరే పాతిపెట్టాలా అని అడిగారు. వద్దండి. వట్టి చేతులతో అసలు ముట్టుకోకండి, కుక్కల్ని కూడా రానివ్వకండి.

మీరు చెప్పిన తీరు చూస్తే నాకు బోట్యులిజం (ఒక బ్యాక్టీరియా విషం వల్ల ఒళ్లు చచ్చుబడే జబ్బు) అనిపిస్తోంది. 2019 నవంబరులో రాజస్థాన్‌లోని సాంభర్ సరస్సులో వేలాది పక్షులు దీంతోనే చనిపోయాయి. మొదట బర్డ్ ఫ్లూ అని భయపడ్డారు. భోపాల్‌లోని పశువ్యాధుల ల్యాబ్ పరీక్షించి బర్డ్ ఫ్లూ కాదంది, బరేలీలోని ఐవీఆర్ఐ (భారత పశువైద్య పరిశోధన సంస్థ) బోట్యులిజం అని తేల్చింది. గాలి ఆడని బురదలో, కుళ్లిన కళేబరాల్లో పెరిగే బ్యాక్టీరియా వదిలే విషంతో ఇది వస్తుంది. కళేబరానికి పట్టిన పురుగుల్లో ఆ విషం ఉంటుంది. వాటిని తిన్న బాతుకు కాళ్లు, రెక్కలు చచ్చుబడతాయి, మెడ వాలిపోతుంది, నీళ్లలో ఉంటే మునిగిపోతుంది. దాని కళేబరం మీద మళ్లీ పురుగులు. అందుకే కళేబరాలు వెంటవెంటనే తీసేయాలి, కానీ ఆ పని మీరు కాదు, అధికారులే చేయాలి.

అయితే బర్డ్ ఫ్లూలోనూ మెడ మెలితిరుగుతుంది, కంటితో చూసి తేల్చలేం. ఈరోజే పశువైద్యాధికారికి, అటవీశాఖకు చెప్పండి. కుళ్లకముందే శాంపిల్స్ తీయాలి కాబట్టి ఆలస్యం చేయొద్దు. కొనఊపిరితో ఉన్నవాటినీ వాళ్లకే వదిలేయండి. రిపోర్ట్ వచ్చేదాకా ఇంటి కోళ్లను, బాతులను చెరువు వైపు పోనివ్వకండి.