ఐసు ఫ్యాక్టరీ లీజుకు తీసుకునే ముందు

చిరంజీవి చిట్టికి పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

ఫిషింగ్ హార్బరు దగ్గర మూతపడి ఉన్న ఐసు ఫ్యాక్టరీని నువ్వు లీజుకు తీసుకుంటున్నావని మీ నాన్న ఫోనులో చెప్పినప్పుడు, మా ఇంటి ఆడపిల్ల కంప్రెసర్ల మధ్య నిలబడి పని చేయించబోతోందన్న సంతోషంతో పాటు గుండెల్లో బెదురు కూడా పుట్టింది. ఆ బెదురు దేనికో చెప్పాలనే ఈ ఉత్తరం.

కరెంటు లోడు, లైసెన్సులు, బీమా సంగతులు నీకు తెలిసినవే. కాగితాలు నీ పేరుకు మారేదాకా అడ్వాన్సుకు మించి పైసా ఇవ్వకు.

డబ్బాల్లో నీళ్లు గడ్డకట్టడంలో పెద్ద ప్రమాదం లేదు. మంచులో నీటి అణువులు మధ్యలో ఖాళీలు వదులుకుంటూ కుదురుకుంటాయి గనుక ఘనపరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది; అంచుదాకా నింపకుండా పైన కాస్త వెలితి ఉంచితే చాలు. సున్నా డిగ్రీల దగ్గర థర్మామీటరు గంటల తరబడి కదలకపోయినా కంగారుపడకు. గ్రాముకు 80 కేలరీల చొప్పున వేడి బయటికి పోయేదాకా నీరు గడ్డకడుతూ ఉంటుందే తప్ప అంతకంటే చల్లబడదు. తొందరపడి డబ్బాలు తీయిస్తే దిమ్మ నడుమ నీరు మిగిలిపోయి, బోటు ఎక్కకముందే విరిగిపోతుంది.

నా భయమంతా ఆ చల్లదనం పుట్టించడానికి పైపుల్లో తిరిగే అమ్మోనియా గురించే. మామూలు వాతావరణ పీడనంలో అది మైనస్ 33 డిగ్రీలకే మరుగుతుంది; మన విశాఖ ఎండలో దాన్ని ద్రవంగా నిలిపి ఉంచేది ఒత్తిడి ఒక్కటే. ఆ ఒత్తిడి ఎప్పుడెంత పెరుగుతుందో నీకు కంఠతా రావాలి. మూసిన సిలిండరులో ఒట్టి వాయువే ఉండి, 30 నుంచి 50 డిగ్రీలకు వేడెక్కిందనుకో. కణాల వేగం పెరిగి గోడలను ఇంకాస్త గట్టిగా, ఇంకాస్త తరచుగా కొడతాయి గాని, పీడనం పెరిగేది దాదాపు 7 శాతమే, ఎందుకంటే వాయువుకు లెక్క మొదలయ్యేది మైనస్ 273 డిగ్రీల నుంచి. అదే రిసీవరులో, అంటే ద్రవ అమ్మోనియా నిలవుండే ట్యాంకులో, కొంత ద్రవం, కొంత ఆవిరి ఉంటే, వేడికి ద్రవంలోంచి కొత్త కణాలు ఆవిరిలో చేరుతూనే ఉంటాయి గనుక, అవే 20 డిగ్రీలకు పీడనం సుమారు 12 బార్ల నుంచి 20 బార్లకు పోతుంది (ఒక బారంటే దాదాపు మన చుట్టూ ఉన్న గాలి పీడనమంత). ఇక ఆవిరికి చోటే లేకుండా పైపు నిండా ద్రవమే ఉంటే అది అన్నిటికంటే ప్రమాదం. ద్రవంలో కణాలు సింహాచలం చందనోత్సవం నాటి క్యూలో జనంలా ఒకదానినొకటి ఒరుసుకుని ఉంటాయి. పక్కకు జరగగలవు గాని ఇంకా దగ్గరకు నొక్కుకోలేవు. అటువంటి పైపు రెండు వైపులా మూసి ఉంటే, ఒక్కో డిగ్రీకి 10 బార్లకు పైగా ఒత్తిడి పెరుగుతుంది. పొద్దున చల్లగా ఉన్న పైపు మధ్యాహ్నానికి ఎంత వేడెక్కుతుందో నువ్వే లెక్క వేసుకో.

నేను పనిచేసిన ఒక ఫ్యాక్టరీలో జరిగినది విను. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం గనుక మరమ్మతులన్నీ ఆ మండుటెండల్లోనే పెట్టుకుంటారు. కారుతున్న గాస్కెట్ మార్చాలని మా మేస్త్రీ రిసీవరు దగ్గర లిక్విడ్ లైను (ద్రవం పోయే పైపు) వాల్వును, ఆ వెంటనే దాని అవతలి చివర, ద్రవం ఒత్తిడి తగ్గించి వదిలే ఎక్స్‌పాన్షన్ వాల్వుకు ముందున్న వాల్వును బిగించి, కొత్త గాస్కెట్ కోసం పూర్ణా మార్కెట్టుకు మనిషిని పంపాడు. ముందు రిసీవరు వాల్వు ఒక్కటే మూసి, కంప్రెసరు నడిపి, లైనులోని ద్రవమంతా లాగేశాకే రెండోది మూయాలి. ఆయనకు ఆ వరుస తెలియక కాదు. కాసేపటి పనికి అంత తతంగం ఎందుకనుకున్నాడు. ఆ పైపు షెడ్డు బయట గోడ మీదుగా, తొడుగు లేకుండా, ఎండలో పోతుంది. అక్కడ, ఒత్తిడి మించితే తనంతట తానే తెరుచుకునే రిలీఫ్ వాల్వు ఒకటి పెట్టించమని అంతకుముందే అడిగితే యజమాని వచ్చే ఏడు చూద్దామన్నాడు. గేజీ ఉన్నది రిసీవరు మీద. మూసిన ముక్కలో ఏం జరుగుతోందో అది చూపించదు. భోజనాల వేళకు వాల్వు మూత బోల్టులు తెగి, తెల్లటి మబ్బు నేల మీద పాకుతూ వచ్చింది. మేస్త్రీ మొహం మీద కుండీ నీళ్లు పోస్తూనే ఉన్నాం. ప్రాణం దక్కింది గాని ఎడమ కంటికి చూపు తిరిగి రాలేదు. నాకు వాల్వు విప్పడం నేర్పిన మనిషి ఆయన; తన క్యారియరులో చేపల పులుసు నాకు పెట్టకుండా ఏనాడూ తినలేదు.

అమ్మోనియా గాలికంటే తేలిక, పైకి పోతుందిలే అని ఎవరైనా అంటే నమ్మకు. ద్రవంగా చిమ్మినప్పుడు అది చుట్టూ గాలిని చల్లబరిచి, తుంపరలతో బరువెక్కి నేలను పట్టుకునే ఉంటుంది. లీటరు ద్రవం వాయువుగా మారితే 800 లీటర్లకు మించుతుంది. ఎండ ఎక్కాక సముద్రపు గాలి ఊరి వైపు వీస్తుంది, ఆ వైపున ఇళ్లున్నాయి. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ప్లాస్టిక్ ఫ్యాక్టరీ ట్యాంకులోని స్టైరీన్ అనే రసాయనం తనంతట తానే వేడెక్కి, ఆవిరై ఇళ్ల మీద పడిన సంగతి నీకు గుర్తుండే ఉంటుంది. అందుకే చెబుతున్నాను, డిప్లొమా ఉంది గదా అని మొండికేయకు తల్లీ. నువ్వు చిన్నప్పటి నుంచీ పని మొదలుపెడితే తిండి కూడా మరిచిపోయే పిల్లవి. అలసిన చెయ్యి వాల్వుల వరుస తప్పుతుంది.

సంతకం చేసే ముందు సేఫ్టీ వాల్వుల టెస్టు కాగితాలు అడిగి తీసుకో. ఉప్పుగాలికి పైపులు తొడుగు లోపల తుప్పు పట్టి ఉంటాయి, అనుమానమున్న చోటల్లా విప్పించి చూడు. మాస్కులు మిషను గదిలో కాదు, తలుపు బయట వేలాడాలి; కళ్లు కడుక్కోవడానికి నీళ్లు ఎప్పుడూ పారుతూ ఉండాలి, తగిలితే కనీసం 15 నిమిషాలు కడగాలి.

ఆదివారం ఉదయం కంచరపాలెం నుంచి నేనే వస్తాను. లిక్విడ్ లైను వెంట ఇద్దరం నడిచి, ద్రవం చిక్కుకుపోయే వీలున్న ప్రతి ముక్కకూ సుద్దతో గుర్తు పెడదాం. రిలీఫ్ వాల్వు లేని చోట్ల పెట్టించే ఖర్చు యజమాని భరించేలా లీజులో రాయిద్దాం. నేను వచ్చేదాకా అక్కడ ఏ వాల్వునూ ముట్టుకోవద్దు.

ఆశీస్సులతో,
పెదనాన్న