ఒక పెళ్ళి, రెండు దేశాల చట్టాలు: కొత్తగా వచ్చిన అమ్మాయిలకు

"అక్కా, ఆయన ఇక్కడి కోర్టులో విడాకులకు వేశారు. మా పెళ్ళి గుంటూరులో జరిగింది కదా, ఈ కోర్టుకు మా మీద అధికారం ఏమిటి? నోటీసు పక్కన పెట్టేస్తే ఏమవుతుంది?" అమెరికాలో, టెక్సాస్ రాష్ట్రంలోని డాలస్ ప్రాంతంలో ఇరవై రెండేళ్ళుగా ఉంటున్నాను కాబట్టి, కొత్తగా కాపురానికి వచ్చిన అమ్మాయిలు నన్ను ఈ ప్రశ్న చాలాసార్లు అడిగారు. నేను న్యాయవాదిని కాను. అయినా వీళ్ళలో ఎక్కువమంది న్యాయవాది దగ్గరకు వెళ్ళేసరికే ఆలస్యమైపోవడం కళ్ళారా చూశాను కనుక రాస్తున్నాను.

నోటీసును పక్కన పెట్టవద్దు. భార్యాభర్తల్లో ఒకరు టెక్సాస్‌లో ఆరు నెలలు, ఆ కౌంటీలో (ఇక్కడి జిల్లా) 90 రోజులు నివసించి ఉంటే చాలు, పెళ్ళి ఏ దేశంలో ఏ పద్ధతిలో జరిగినా ఇక్కడి కోర్టు విడాకుల కేసును విచారించగలదు. మీరు జవాబు ఇవ్వకపోతే మీరు లేకుండానే డిక్రీ (కోర్టు తుది ఆదేశం) వస్తుంది. హెచ్4 (హెచ్1 ఉద్యోగ వీసా ఉన్నవారి భార్యకో భర్తకో ఇచ్చే వీసా) మీద వచ్చినవారికి విడాకులు ఖరారైన రోజుతో ఆ వీసా హోదా కూడా పోతుంది.

అదే డిక్రీ మన దేశంలో చెల్లుతుందా అన్నది వేరే ప్రశ్న. దానికి జవాబు మన తెలుగువాళ్ళ కేసులోనే వచ్చింది. 1975లో తిరుపతిలో హిందూ పద్ధతిలో పెళ్ళి చేసుకున్న ఒకాయన మిస్సోరీ రాష్ట్రంలోని కోర్టులో విడాకులు తెచ్చుకుని, 1981లో యాదగిరిగుట్టలో మరో పెళ్ళి చేసుకున్నాడు. భార్య బతికుండగా రెండో పెళ్ళి చేసుకున్నాడని మొదటి భార్య ఫిర్యాదు చేసింది. ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఏ చట్టం కింద పెళ్ళి జరిగిందో ఆ చట్టం ఒప్పుకునే కోర్టే, ఆ చట్టంలో ఉన్న కారణం మీదే విడాకులు ఇవ్వాలని 1991లో న్యాయస్థానం తేల్చి, మిస్సోరీ డిక్రీని గుర్తించడానికి నిరాకరించింది. ఇద్దరికీ ఇక పొసగదు అన్న ఒక్క కారణం మీద ఇక్కడ విడాకులు ఇస్తారు. 1955 నాటి హిందూ వివాహ చట్టంలో ఆ కారణం లేదు.

ఆ తీర్పులోనే మినహాయింపులు కూడా ఉన్నాయి. భార్య తనంతట తాను ఇక్కడి కోర్టుకు లోబడి, మన చట్టంలో ఉన్న కారణం మీద వాదించినా, విడాకులకు సమ్మతించినా ఆ డిక్రీ అక్కడా నిలబడవచ్చు. పై కేసులో భార్య తన అభ్యంతరం తెలుపుతూనే జవాబు పంపింది, కాబట్టి దానిని లోబడినట్టుగా కోర్టు భావించలేదు. అందువల్ల మీకు విడాకులు ఇష్టం లేకపోతే, గడువులోపల న్యాయవాది ద్వారా అభ్యంతరాన్ని రికార్డులో పెట్టించండి. ఇష్టమే అయితే, సమ్మతి పత్రం మీద సంతకం చేయడానికి ముందే నగలు, భరణం, పిల్లల సంగతి అందులో స్పష్టంగా రాయించుకోండి. ఈ రెండూ చేయక, ఇక్కడ విడాకులైపోయి అక్కడ భార్యగానే మిగిలిపోయి, మళ్ళీ పెళ్ళి మాట ఎత్తడానికి లేక ఏళ్ళ తరబడి నలిగిపోయిన ఆడపిల్లలను తలచుకుంటే నాకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

హింస ఉంటే వీసా పోతుందన్న భయంతో ఓర్చుకోవద్దు. పోలీసుల అత్యవసర సహాయానికి 911కు ఫోన్ చేయడానికి వీసాతో పని లేదు. భర్త పౌరుడో గ్రీన్‌కార్డుదారుడో అయితే అతనికి తెలియకుండానే మీ అంతట మీరు గ్రీన్‌కార్డుకు దరఖాస్తు చేసుకునే వీలుంది. భర్త హెచ్1 మీద ఉంటే ఆ దారి లేదు. అయినా హింసకు గురైన హెచ్4 భార్య పని అనుమతికి విడిగా దరఖాస్తు చేసుకోవచ్చు, నేర బాధితులకు యూ వీసా ఉంది. పాస్‌పోర్టు, పెళ్ళి రిజిస్ట్రేషన్ పత్రం మీ దగ్గరే ఉండాలి.

ఇక బంగారం. పుట్టింటివారు పెట్టినదీ, అత్తింటివారు పెళ్ళికూతురికి పెట్టినదీ స్త్రీధనమే, అంటే ఆమె సొంత ఆస్తే. అది అత్తగారి లాకర్‌లో ఉన్నా మీదేననీ, అడిగినా తిరిగి ఇవ్వకపోతే నమ్మకద్రోహ నేరం అవుతుందనీ సుప్రీంకోర్టు 1985లోనే చెప్పింది. టెక్సాస్ చట్టంలోనూ కానుకగా వచ్చినది ఎవరిది వారిదే, కానీ విడాకుల నాటికి చేతిలో ఉన్నదంతా భార్యాభర్తల ఉమ్మడి ఆస్తి అనే కోర్టు మొదట అనుకుంటుంది, కాదని గట్టి సాక్ష్యంతో రుజువు చేసుకోవలసిన భారం మీది. మా అమ్మ నా పెళ్ళినాడు ఒక్కొక్క నగ తూకం, షాపు బిల్లు నంబరు నోటు పుస్తకంలో రాసి నా చేతికిచ్చింది. అప్పుడు చాదస్తం అనుకున్నాను. మీరు విమానం ఎక్కేముందు ఆ పని చేయండి, ఫోటోలు కూడా తీసుకోండి.

పెద్దమనుషుల పంచాయితీలో స్టాంపు కాగితం మీద రాసుకున్న తెగతెంపులను నమ్ముకోవద్దు. హిందూ వివాహ చట్టం 29వ సెక్షన్ ఆచార విడాకులను కాపాడుతున్నది నిజమే, కానీ మీ కులంలో ఆ ఆచారం అనాదిగా ఉందని కోర్టులో రుజువు కావాలి. చర్చి ఇచ్చే రద్దు పత్రంతో చట్టప్రకారం విడాకులు అయినట్టు కాదు. ముస్లిం సోదరీమణులకు ఫోన్‌లో మూడుసార్లు తలాక్ చెబితే అది చెల్లదు. 2019 చట్టం దానిని మూడేళ్ళ దాకా జైలుశిక్ష పడే నేరం చేసింది. నిఖానామా (పెళ్ళి ఒప్పంద పత్రం) నకలు, అందులో రాసిన మెహర్ (భర్త భార్యకు ఇస్తానని ఒప్పుకున్న సొమ్ము) వివరంతో సహా, మీ దగ్గర ఉంచుకోండి.

చివరగా, అన్నదమ్ములు పంపే కాగితాలు. "పసుపు కుంకుమల కింద ఇచ్చేశాం కదా, పొలం మీద హక్కు విడుదల పత్రానికి సంతకం చేసి పంపు" అంటారు. హిందూ ఉమ్మడి కుటుంబ ఆస్తిలో ఆడపిల్లకు వాటా ఇస్తూ ఆంధ్రప్రదేశ్ 1986లోనే చట్టం తెచ్చింది, అది 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించింది, అయితే అప్పటికే పెళ్ళయినవారికి కాదు. 2005 కేంద్ర చట్టం ఆ అడ్డు తొలగించింది. ఆ హక్కు పుట్టుకతోనే వస్తుందనీ, 2005 నాటికి తండ్రి బతికి ఉండనక్కర లేదనీ 2020లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కట్నం తీసుకున్నంత మాత్రాన ఆ వాటా పోదు. ప్రేమతో వదులుకుంటే అది మీ ఇష్టం, కానీ సర్వే నంబర్లు ఖాళీగా వదిలిన కాగితం మీద గానీ, అమ్మే అధికారం కూడా కలిపి రాసిన జీపీఏ (మీ తరఫున పనులు చేయడానికి మరొకరికి ఇచ్చే అధికార పత్రం) మీద గానీ కాన్సులేట్‌లో సంతకం పెట్టవద్దు. ముందుగా ఆ ముసాయిదా తెప్పించుకుని, అన్నయ్యకు సంబంధం లేని న్యాయవాది చేత ఊళ్ళో చదివించండి.