డాక్టర్ సలహా: స్కాన్ రిపోర్టులో ‘మెసెంటరీ’ అని ఉంది, బాబుకు ఏమైనట్టు?

ప్రశ్న: మా బాబుకు 9 ఏళ్లు. మూడు వారాల కిందట జలుబు, గొంతునొప్పి, రెండు రోజులు జ్వరం వచ్చి తగ్గాయి. అప్పటినుంచి బొడ్డు చుట్టూ నొప్పి అంటున్నాడు. కాసేపు ఉంటుంది, పోతుంది. అల్ట్రాసౌండ్ తీయిస్తే ‘మెసెంటరీలో లింఫు గ్రంథులు కనిపిస్తున్నాయి, పెద్దది 7 మిల్లీమీటర్లు, అపెండిక్స్ మామూలుగా ఉంది’ అని రాశారు. మెసెంటరీ అంటే ఏమిటని నెట్‌లో వెతికితే, శాస్త్రవేత్తలు కొత్తగా కనిపెట్టిన అవయవం అని ఉంది. కొత్త అవయవమైతే దానికొచ్చే జబ్బుకు అసలు మందు ఉంటుందా? టీబీ ఏమో అని ఒకరు, క్యాన్సర్ పరీక్ష చేయించమని ఇంకొకరు అంటున్నారు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
– ఒక తల్లి

జవాబు: అమ్మా, ముందు బాబు సంగతి చెప్తాను, ఆ కొత్త అవయవం సంగతి తర్వాత. మీరు రాసినవన్నీ ఈ వయసు పిల్లల్లో మేం తరచూ చూసేవే. గొంతులోనో పేగుల్లోనో వైరస్ చేరినప్పుడు మెడ కింద బిళ్లలు కట్టడం మీరు చూసే ఉంటారు. వాచిన లింఫు గ్రంథులే అవి. పొట్టలోనూ అలాగే కడతాయి. మెడలోవి చేతికి తగులుతాయి, పొట్టలోవి స్కాన్‌లో తప్ప కనిపించవు. అంతే తేడా. పైగా 7 మిల్లీమీటర్లంటే పెద్దదేమీ కాదు. పిల్లల్లో అడ్డకొలత 8 మిల్లీమీటర్లు దాటితే గానీ వాచిందని అనని రేడియాలజిస్టులు చాలామంది ఉన్నారు. పొట్టలో ఏ నొప్పీ లేని పిల్లలకు వేరే కారణంతో స్కాన్ తీసినా ఇలాంటి గ్రంథులు కనిపిస్తూనే ఉంటాయి.

నాకు అన్నిటికంటే ఊరటనిచ్చింది రిపోర్టులోని చివరి మాట. అపెండిక్స్ కనిపించింది, మామూలుగా ఉంది. చాలా రిపోర్టుల్లో ‘అపెండిక్స్ కనిపించలేదు’ అని ఉంటుంది. దాన్ని బాగుందని అర్థం చేసుకునే తల్లిదండ్రులను చూస్తుంటాను. కనిపించకపోవడం వేరు, బాగుండటం వేరు. మీ బాబుది కనిపించి మరీ బాగుంది.

ఇక ‘కొత్త అవయవం’. మీ బాబు పొట్టలో కొత్తగా చేరింది ఏమీ లేదు. మెసెంటరీ మనందరికీ పుట్టుకతోనే ఉంటుంది. పొట్ట ఆపరేషన్లు చేసేవాళ్లు దాన్ని రోజూ చేత్తో పట్టుకుంటూనే ఉన్నారు. మడతలు పడిన పలుచని పొర అది. ఒకవైపు పొట్ట వెనక గోడకు అతుక్కుని, రెండోవైపు పేగును మోస్తుంది. ఆపరేషన్ టేబుల్ మీద పేగును కొద్దిగా పైకెత్తి, వెనకనుంచి లైటు పడేలా పట్టుకుంటాం. అప్పుడు ఆ పొరలో రక్తనాళాలు రావి ఆకు ఈనెల్లా విడిపోతూ పేగు అంచు దాకా పోవడం స్పష్టంగా కనిపిస్తుంది. నాళాల చుట్టూ పసుపుపచ్చని కొవ్వు, ఆ కొవ్వులో అక్కడక్కడా బఠాణీ గింజల్లా లింఫు గ్రంథులు. మీ రిపోర్టులో రాసింది వాటి గురించే. పేగులకు రక్తం, నరాలు అందేది ఈ పొరలోంచే. పేగుల్లోంచి వచ్చే సూక్ష్మజీవులను పట్టుకునే కాపలా కూడా ఇక్కడే ఉంటుంది.

పెద్దవాళ్లలో చిన్నపేగు సుమారు 6 మీటర్లు. దాన్ని మోసే మెసెంటరీ వెనక గోడకు అతుక్కునే చోటు మాత్రం 15 సెంటీమీటర్లే. కుచ్చుల గౌను నడుం దగ్గర జానెడు ఉండి, కింద అంచు బారలకు బారలు తిరుగుతుంది కదా, అలాగన్నమాట. అది లేకపోతే మనం లేచి నిలబడగానే పేగులన్నీ పొత్తికడుపులోకి జారి ముడులు పడతాయి.

మరి కొత్తేమిటంటే, అది ముక్కలు ముక్కలుగా కాక మొత్తం ఒకటే పొరగా ఉంటుందన్న సంగతి. బ్రిటిష్ సర్జన్ ఫ్రెడరిక్ ట్రీవ్స్ 1885లో, పెద్దపేగుకు మెసెంటరీ అందరిలో ఉండదని, ఉన్నా అక్కడక్కడా ముక్కలుగా ఉంటుందని చెప్పారు. పెద్ద పేరున్న సర్జన్ చెప్పిన మాట కాబట్టి శతాబ్దానికి పైగా పాఠ్యపుస్తకాల్లో అదే నిలిచింది. ఆయనకంటే కొద్ది ఏళ్ల ముందే ఆస్ట్రియాకు చెందిన కార్ల్ టోల్ట్ పెద్దపేగు మెసెంటరీ ఎక్కడికీ పోదనీ, వెనక గోడకు అతుక్కుని ఉంటుందనీ సరిగ్గానే వర్ణించారు. ఆ మాటను పట్టించుకున్నవాళ్లు తక్కువ. ఐర్లండ్‌లోని లిమరిక్ విశ్వవిద్యాలయానికి చెందిన సర్జన్ కాల్విన్ కాఫీ, ఆయన సహచరులు ఆపరేషన్లలోనూ శవాల మీదా జాగ్రత్తగా విడదీసి చూశారు. చిన్నపేగు మొదలు నుంచి మలాశయం దాకా అది ఎక్కడా తెగకుండా ఒకే పొరగా సాగుతోందని చూపించారు. అందుకే దాన్ని ఒక అవయవంగా గుర్తించాలని 2016లో పేరున్న వైద్య పత్రిక లాన్సెట్ కుటుంబానికి చెందిన ఒక పత్రికలో రాశారు. ఒప్పుకోని శరీర నిర్మాణ శాస్త్ర నిపుణులు ఇప్పటికీ ఉన్నారు. అవయవాల జాబితా అంటూ ఎవరూ ముద్ర వేసి ఇచ్చింది లేదు కాబట్టి, ‘79వ అవయవం’ లాంటి అంకెలు చదివితే వదిలేయండి.

పేరు మారితే ఒరిగేదేమిటని అడిగేవాళ్లుంటారు. సర్జన్లకు ఇది చిన్న విషయం కాదు. మలాశయం క్యాన్సర్‌లో ఆ భాగం చుట్టూ ఉన్న మెసెంటరీని చిరగకుండా సంచిలా మొత్తంగా తీయాలని బ్రిటిష్ సర్జన్ బిల్ హీల్డ్ 1980లలోనే గట్టిగా చెప్పారు. అలా తీసినప్పుడు క్యాన్సర్ అక్కడే మళ్లీ రావడం బాగా తగ్గింది. అంటే పొర ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో తెలియడం మీద రోగి ప్రాణం ఆధారపడి ఉంది.

మీ బాబుకు పనికొచ్చే సంగతి కూడా ఇందులో ఒకటుంది. తల్లి కడుపులో ఉండగా బిడ్డ పేగులు కొన్ని వారాలు బొడ్డుతాడులోకి వెళ్లి, తిరిగి పొట్టలోకి వచ్చేటప్పుడు మెలితిరిగి తమ చోట కుదురుకుంటాయి. కొద్దిమందిలో ఆ కుదురుకోవడం సరిగ్గా జరగదు. మెసెంటరీ వెడల్పుగా అతుక్కోకుండా సన్నని కాడలా మిగులుతుంది. అది మెలిపడితే పేగంతటికీ రక్తం ఆగిపోతుంది. ఎక్కువగా పసికందుల్లోనే బయటపడినా, ఏ వయసులోనైనా రావచ్చు. అందుకే ఏ బిడ్డకైనా ఆకుపచ్చ రంగులో వాంతి అయితే, తెల్లారే దాకా ఆగకుండా ఆ క్షణమే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఇంకా వెంటనే చూపించాల్సినవి: బొడ్డు దగ్గరి నొప్పి కుడివైపు కిందికి జరిగి అక్కడే నిలిచిపోవడం, పొట్ట గట్టిపడటం, మలంలో రక్తం, తగ్గని జ్వరం. నేను ఓపీలో పిల్లలను మంచం దిగి రెండు గెంతులు వేయమంటాను. నవ్వుతూ గెంతితే నాకు సగం భయం పోతుంది. మొదటి గెంతుకే పొట్ట పట్టుకుని వంగిపోతే, స్కాన్‌లో ఏమున్నా సర్జన్‌ను పిలుస్తాను. మీ ఇంట్లో కూడా ఇలా గమనించవచ్చు. అయినా నేను బాబు పొట్టను తాకి చూడలేదు కాబట్టి, మీ పిల్లల డాక్టరు ఒకసారి చేత్తో చూడటం తప్పనిసరి.

మందుల సంగతి. వైరస్ వల్ల కట్టిన బిళ్లలకు యాంటీబయాటిక్ అక్కర్లేదు. నొప్పి ఉన్నప్పుడు బరువుకు తగిన మోతాదులో పారాసిటమాల్, తగినన్ని నీళ్లు చాలు. ఎక్కువమందిలో నాలుగు వారాల్లోపు తగ్గిపోతుంది. నొప్పి గట్టిగా ఉన్నప్పుడు విరేచనాల మందు మాత్రం మీ అంతట మీరు ఇవ్వకండి. గ్రంథులు తగ్గాయా అని వారంవారం స్కాన్ తీయించడం వల్ల భయం పెరగడమే తప్ప ప్రయోజనం లేదు. ఇంత చిన్న గ్రంథుల కోసం పిల్లాడికి సీటీ స్కాన్ వద్దు, అందులో రేడియేషన్ ఉంటుంది. మలబద్ధకం ఉందేమో కూడా అడిగి చూడండి. 9 ఏళ్ల పిల్లలు సిగ్గుపడి చెప్పరు, మనం అడగం. ఇలాంటి నొప్పికి చాలాసార్లు అదే కారణం.

టీబీ, క్యాన్సర్ అనుమానం ఒక్క గ్రంథుల సైజును చూసి రాకూడదు. బరువు తగ్గడం, వారాల తరబడి జ్వరం, రాత్రి చెమటలు, ఇంట్లో ఎవరికైనా టీబీ ఉండటం, నొప్పి నిద్రలోంచి లేపడం, ఇవి ఉంటే అప్పుడు వెతకాలి. మీరు రాసినవాటిలో ఇవేవీ లేవు. ఉంటే మాత్రం డాక్టరుకు దాచకుండా చెప్పండి. పరీక్షల్లో తేలకుండా ‘ఎందుకైనా మంచిది’ అని టీబీ మందులు మొదలుపెట్టనివ్వకండి, అవి నెలల తరబడి వాడాల్సిన మందులు.

ఇవాళ బాబు బరువు తూచి ఒక కాగితం మీద తేదీతో రాసి పెట్టండి. నొప్పి వచ్చిన రోజులు కూడా దానిమీదే గుర్తు పెట్టండి. నెల తర్వాత మళ్లీ తూచండి. నొప్పి అప్పటికీ వస్తున్నా, బరువు తగ్గినా ఆ కాగితం తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి. స్కాన్ ఫిల్ముకన్నా ఆయనకు ఆ కాగితమే ఎక్కువ పనికొస్తుంది.