మంత్రి గారు సభలో ఇచ్చిన మాట జీవో అవుతుందా?

ప్రశ్న: మాది కర్నూలు జిల్లా పత్తికొండ దగ్గర ఒక పల్లె. ఊరికీ తారురోడ్డుకీ నడుమ హంద్రీలో కలిసే వంక ఉంది. వాన గట్టిగా పడితే రెండు మూడు రోజులు బయటికి పోలేము. కాన్పుకు పోవాల్సిన ఆడవాళ్లను ట్రాక్టర్ మీద దాటించాల్సి వస్తోంది. ఏడాదిన్నర కిందట మా ఎమ్మెల్యే గారు అసెంబ్లీలో ఈ సంగతి అడిగితే, వంతెన కట్టిస్తామని మంత్రి గారు చెప్పినట్టు పేపర్లో వచ్చింది. ఆ ముక్క కత్తిరించి దాచుకున్నాం. ఇంజనీరు ఆఫీసుకు పోతే ‘అసెంబ్లీలో చెప్పినంత మాత్రాన మాకు ఆర్డర్ వచ్చినట్టు కాదు’ అంటున్నారు. ఇది నిజమేనా? ఆ మాట పట్టుకుని హైకోర్టుకు పోవచ్చా? నేరుగా అసెంబ్లీకే అర్జీ పెట్టుకోవచ్చని కొందరంటున్నారు, అట్లా వీలుందా?

జవాబు: ఆఫీసులో చెప్పింది నిజమే, కానీ అందులో సగమే చెప్పారు. మంత్రి గారు సభలో అన్న మాట ఉత్తర్వు కాదు. అయినా అది గాలికి పోయే మాట కూడా కాదు. అది సభ రికార్డులో ఉంటుంది, దాని వెనక మీ ఇంజనీరు ఆఫీసులోనే ఒక ఫైలు ఉంటుంది. మీరు పట్టుకోవాల్సింది ఆ రెంటినీ. పేపర్ ముక్కతో పని జరగదు.

ఉత్తర్వు ఎందుకు కాదో ముందు చూద్దాం. రాజ్యాంగం 166వ అధికరణ ప్రకారం రాష్ట్ర ప్రభుత్వం చేసే కార్యనిర్వాహక చర్యలన్నీ గవర్నరు పేరిట వెలువడాలి. ‘గవర్నరు గారి ఉత్తర్వుల మేరకు’ అనే మాటతో జీవో వచ్చేది అందుకే. ఒక మంత్రి ఫైలు మీద స్వయంగా రాసిన రాత కూడా, గవర్నరు పేరిట వెలువడి సంబంధిత వ్యక్తికి తెలియజేసేదాకా, ప్రభుత్వ ఉత్తర్వు కాదని బచ్చిత్తర్ సింగ్ కేసులో 1962లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఫైలు మీది రాతకే ఆ గతి పడితే నోటిమాట సంగతి వేరే చెప్పాలా. మంత్రి అన్న మాటను మంత్రివర్గ సమష్టి బాధ్యత పేరు చెప్పి ప్రభుత్వానికి అంటగట్టలేమని 2023 జనవరిలో కౌశల్ కిశోర్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం కూడా తేల్చింది.

దీనికి తోడు డబ్బు సంగతి ఒకటుంది. చట్టసభ ఆమోదించిన ద్రవ్య వినియోగ చట్టం లేకుండా సంచిత నిధి (ప్రభుత్వ ప్రధాన ఖజానా) నుంచి పైసా బయటికి రాదు. వంతెన పని కదలాలంటే ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) అంచనా తయారు చేయాలి, అది డీఈ (డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు), ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు)ల మీదుగా పైకి పోవాలి, పరిపాలనా ఆమోదం జీవో రావాలి, తర్వాత సాంకేతిక ఆమోదం, టెండరు, అగ్రిమెంటు. ఈ వరసలో మీ వంతెన ఏ మెట్టు మీద ఆగిందో తెలియకుండా ఎవరిని నిలదీసినా ‘పైకి పంపాం’ అనే జవాబే వస్తుంది.

ఇక రికార్డు. సభ మొదలవగానే సాధారణంగా ప్రశ్నోత్తరాలు ఉంటాయి. నక్షత్రం గుర్తున్న ప్రశ్నకు మంత్రి సభలో నోటితో జవాబిస్తారు, దాని మీద అనుబంధ ప్రశ్నలు వేయవచ్చు. నక్షత్రం గుర్తు లేనిదానికి రాతపూర్వక జవాబు మాత్రమే. ప్రశ్నోత్తరాల తర్వాత సభ్యులు లేచి మాట్లాడే జీరో అవర్ వేరు. అక్కడ ఎమ్మెల్యే ఎంత గట్టిగా చెప్పినా మంత్రి జవాబివ్వాల్సిన పని లేదు. కాబట్టి మీ ఎమ్మెల్యే గారు ఏ పద్ధతిలో అడిగారో మొదట తెలుసుకోండి. ‘అసెంబ్లీలో మాట్లాడారు’ అని ఊళ్లో చెప్పుకునే సంగతుల్లో చాలావాటికి సభలో జవాబే ఉండదు.

అచ్చు జవాబు ఎట్లా ఉంటుందో చూడండి. ప్రశ్న ముక్కలు ముక్కలుగా ఉంటుంది: (ఎ) ఫలానా వంక మీద వంతెన లేక ప్రజలు ఇబ్బంది పడుతున్న మాట వాస్తవమేనా, (బి) అయినచో వంతెన నిర్మించే ప్రతిపాదన ప్రభుత్వం వద్ద ఉన్నదా, (సి) ఉన్నచో ఎప్పటిలోగా పూర్తి చేస్తారు? ఎదురుగా జవాబులు. (ఎ) కి ‘అవునండి’ అని ఉండి, (బి) కి ‘పరిశీలనలో ఉంది’ అని ఉంటే, అంచనా ఇంకా కింది ఆఫీసుల్లోనే తిరుగుతూ ఉండొచ్చు. ‘నిధుల లభ్యతను బట్టి చేపట్టబడుతుంది’ అంటే మంజూరు లేదని అర్థం. ‘పరిపాలనా ఆమోదం ఇవ్వబడింది’ అని ఉంటే జీవో నంబరు ఉండి తీరాలి, మీ కేసు బలం పూర్తిగా మారిపోతుంది. ‘ఈ ప్రశ్న ఉత్పన్నం కాదు’ అని ఉంటే అసలు హామీయే లేదు. ఈ నాలుగింటినీ పేపర్లో ‘వంతెన కట్టిస్తాం: మంత్రి’ అనే శీర్షిక కిందే వేసేయవచ్చు.

ఇంకొక చిక్కు. మంత్రి గారు ‘కట్టిస్తాం’ అన్నది అచ్చు జవాబులో కాకుండా అనుబంధ ప్రశ్నకు జవాబుగా అని ఉండొచ్చు. అలాంటప్పుడు అచ్చు జవాబు కాగితంలో ఆ మాట కనిపించదు. ఆనాటి కార్యకలాపాల యథాతథ నివేదికలోనే దొరుకుతుంది. అచ్చు జవాబు, యథాతథ నివేదిక రెండూ అడగండి. ఎమ్మెల్యే గారి దగ్గర ప్రశ్న నంబరు, తేదీ ఉంటాయి. అవి లేకుండా అసెంబ్లీ సచివాలయానికి రాస్తే వెతకడానికే కాలం పోతుంది. ఎమ్మెల్యే గారి ద్వారా అడిగించడం అన్నిటికన్నా సులువు. కుదరకపోతే వెలగపూడిలోని శాసనసభ సచివాలయ సమాచార అధికారికి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పంపండి. 1953 నుంచి 1956 దాకా ఆంధ్ర రాష్ట్ర శాసనసభ మన కర్నూలులోనే కూర్చున్న రోజుల్లో అయితే నడిచి వెళ్లి అడిగేవాళ్లేమో. ఇప్పుడు రిజిస్టర్డ్ పోస్టు చాలు, స్వయంగా పోనక్కర్లేదు. శాసనసభ విషయంలో ఫీజు నిబంధనలు చేసే అధికారం స్పీకరుకే ఉంది కనుక, ఎంత కట్టాలో ముందే కనుక్కుని పంపండి. తీసుకునేది ధ్రువీకృత నకలై ఉండాలి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం కింద కోర్టులో పనికొచ్చేది అదే.

అంతకన్నా ముఖ్యమైన దరఖాస్తు రెండోది, ఇది మీ ఈఈ ఆఫీసుకు. అసెంబ్లీ ప్రశ్నను ఇంజనీరు ఆఫీసుల్లో ఎల్‌ఏక్యూ అంటారు. ప్రశ్న రాగానే శాఖ నుంచి కింది దాకా సమాచారం అడుగుతారు, ఏఈ స్థలం చూసి రాసిన నివేదిక, అంచనా మొత్తం, వంక వెడల్పు, అనుబంధ ప్రశ్నల కోసం తయారు చేసిన నోట్ అన్నీ పైకి పోతాయి. మంత్రి గారి జవాబు ఆ కాగితాల్లోంచి వచ్చిందే. కాబట్టి ‘ఫలానా తేదీ ఎల్‌ఏక్యూకు ఈ కార్యాలయం పంపిన నివేదిక నకలు, అంచనా నకలు, దాన్ని ఏ తేదీన ఎవరికి పంపారు, ఇప్పుడు ఏ కార్యాలయంలో ఉంది’ అని ముక్కుసూటిగా అడగండి. ‘వంతెన ఎందుకు కట్టలేదు’ అని అడిగితే సంజాయిషీ ఇవ్వడం మా పని కాదంటూ తిప్పి పంపుతారు. సమాచార హక్కు కింద ఉన్న కాగితమే అడగాలి, కారణం అడగకూడదు. రాష్ట్ర నిబంధనల ప్రకారం మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు ఫీజు. గడువు 30 రోజులు. జవాబు రాకపోతే మరో 30 రోజుల్లోగా మొదటి అప్పీలు వేయాలి.

ఆ రోడ్డు ఆర్ అండ్ బీదా, పంచాయతీరాజ్‌దా అన్నది ముందే తేల్చుకోండి. తప్పు శాఖకు పోయినా 5 రోజుల్లో సరైన ఆఫీసుకు బదిలీ చేయాలని సమాచార హక్కు చట్టంలో 6(3) సెక్షన్ చెబుతోంది, కానీ ఆచరణలో నెలలు పోతాయి. సభా హక్కులకు భంగమంటూ 8(1)(సి) చూపించి నిరాకరిస్తే వెనక్కి తగ్గకండి. జవాబు సభ ముందు పెట్టేశాక, దాని ఆధారమైన అంచనా నకలు ఇస్తే సభా హక్కుకు ఏ విధంగా భంగమో చెప్పమని అప్పీలులో అడగండి.

కాగితాలు చేతికొచ్చాక మొదట పోవాల్సింది హైకోర్టుకు కాదు, మళ్లీ సభకే. మంత్రులు సభలో ఇచ్చిన హామీలు నెరవేరాయో లేదో చూడటానికే శాసనసభలో ప్రభుత్వ హామీల కమిటీ ఉంది. పార్లమెంటులో అయితే ‘పరిశీలనలో ఉంది’, ‘చూస్తాం’ లాంటి మాటలను కూడా హామీలుగానే లెక్కగట్టి 3 నెలల గడువు పెడతారు. మీ ధ్రువీకృత నకలు జతచేసి, ఏ పేజీలో ఏ వాక్యమో గుర్తుపెట్టి, ఎమ్మెల్యే గారి ద్వారా ఆ కమిటీ చైర్మన్‌కు రాయించండి. కమిటీ అడిగితే శాఖ అధికారులు జవాబు చెప్పుకోవాల్సిందే. ఈ కమిటీ గురించి ఊళ్లలో తెలిసినవాళ్లు తక్కువ, వాడుకునేవాళ్లు మరీ తక్కువ. నాకు బాధ కలిగించే విషయం ఇదే.

దాంతోపాటు వచ్చే సమావేశాల్లో ఇంకో ప్రశ్న వేయించండి. పాత ప్రశ్ననే మళ్లీ వేస్తే ‘ఇదివరకే జవాబిచ్చాం’ అని తోసిపుచ్చుతారు. అందుకని ఇట్లా ఉండాలి: ‘ఫలానా తేదీ ఫలానా నంబరు ప్రశ్నకు ఇచ్చిన హామీ మేరకు తీసుకున్న చర్యలు ఏమిటి, పరిపాలనా ఆమోదం ఇచ్చినచో జీవో నంబరు, తేదీ, మొత్తం ఎంత, ఇవ్వనిచో కారణాలు ఏమిటి?’ దీనికి ‘పరిశీలనలో ఉంది’ అని తప్పించుకోవడం కష్టం. మీ ఎమ్మెల్యే గారు ఈలోపు మంత్రి అయితే ఆయన ప్రశ్న వేయరు. అప్పుడు శాసనమండలి ఉంది, స్థానిక సంస్థల లేదా పట్టభద్రుల ఎమ్మెల్సీని అడగవచ్చు. ప్రశ్న వేయమని ఏ సభ్యుడినీ కోర్టు ద్వారా బలవంతపెట్టలేం, మర్యాదగా కాగితాలతో వెళ్లడమే దారి.

నేరుగా అర్జీ పెట్టడం సంగతి. అర్జీల కమిటీ ఉన్న మాట నిజం. అర్జీ సభను ఉద్దేశించి, సంతకాలతో, మర్యాద తప్పని మాటలతో ఉండాలి, ఒక సభ్యుడి ద్వారా వెళితేనే అది కదులుతుంది. కోర్టులో నడుస్తున్న విషయం మీద అర్జీ గానీ ప్రశ్న గానీ తీసుకోరు. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. కోపంతో ముందే హైకోర్టులో రిట్ (ప్రభుత్వం మీద వేసే పిటిషన్) వేసి, ఆ తర్వాత ఎమ్మెల్యే దగ్గరికి పోతారు, ‘కోర్టు పరిధిలో ఉంది’ అనే ఒక్క మాటతో సభ దారి మూసుకుపోతుంది. ముందు సభ దారి మొత్తం నడిచి, తర్వాతే కోర్టు మెట్లెక్కండి.

హైకోర్టుకు పోతే ఏం అడగాలి? మంత్రి మాట నిలబెట్టుకోలేదని మాత్రమే రాస్తే రిట్ నిలవదు. సభలో అన్నదానికి మంత్రి మీద దావా అసలే కుదరదు, 194వ అధికరణ రక్షణ ఉంది. కరోనా రోజుల్లో పేదల ఇంటి అద్దె కడతామని ఢిల్లీ ముఖ్యమంత్రి విలేకరుల సమావేశంలో ఇచ్చిన మాట అమలు చేయదగిందేనని 2021 జులైలో ఢిల్లీ హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం అంది, ఆ సెప్టెంబరులోనే డివిజన్ బెంచ్ దాన్ని నిలిపేసింది. ఆ తీర్పు చూపించి ఎవరైనా ఆశపెడితే నమ్మకండి. మీకు బలం మరోచోట ఉంది. రోడ్డు అందుబాటు జీవించే హక్కులో భాగమని, కొండ ప్రాంత ప్రజల విషయంలో, 1986లో హిమాచల్ ప్రదేశ్ వర్సెస్ ఉమేద్ రామ్ శర్మ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. వానాకాలంలో తెగిపోయే ఊరికి ఆ తర్కాన్ని గట్టిగా వర్తింపజేయవచ్చు. మీ ఆరోగ్య ఉపకేంద్రం రికార్డులు, బడి హాజరు పట్టీలు, వంక పొంగిన రోజుల తేదీలతో ఉన్న ఫొటోలు దీనికి అవసరం. మంత్రి జవాబును హామీగా కాదు, ‘ఇబ్బంది ఉన్న మాట వాస్తవం’ అని ప్రభుత్వమే ఒప్పుకున్న రికార్డుగా జతచేయండి. (ఎ) కి ఎదురుగా ఉన్న ఆ ‘అవునండి’ మీకు (సి) కన్నా ఎక్కువ విలువైనది.

రిట్‌కు ముందు కలెక్టరుకు, ఈఈకి, శాఖ ముఖ్య కార్యదర్శికి రాతపూర్వక వినతిపత్రం పంపి, పోస్టు రసీదులు, అందినట్టు అక్నాలెడ్జ్‌మెంట్లు దాచండి. అడిగి, కాదనిపించుకోకుండా వచ్చారని కేసు కొట్టేసే అవకాశం ఉంది. మీకు వచ్చే ఉత్తర్వు చాలావరకు ‘ఇన్ని వారాల్లో వినతిపత్రం మీద నిర్ణయం తీసుకోండి’ అని ఉంటుంది. దాన్ని చిన్నచూపు చూడకండి. గడువు దాటితే కోర్టు ధిక్కరణ వేయవచ్చు, కానీ ఏడాది లోపలే వేయాలి.

ఊరి వాట్సాప్ గ్రూపుల్లో ఆనాటి సభ వీడియో తిప్పుతున్నట్టయితే ఒక జాగ్రత్త. స్పీకరు రికార్డుల నుంచి తొలగించిన మాటలను ప్రచురిస్తే సభా హక్కుల ఉల్లంఘన అవుతుంది, పాట్నాలోని సర్చ్‌లైట్ పత్రిక విషయంలో 1950ల చివర్లోనే సుప్రీంకోర్టు దాకా వెళ్లిన సంగతి ఇది. మంత్రి జవాబు వరకూ పంచుకోవచ్చు, చుట్టుపక్కల జరిగిన వాదులాట అక్కర్లేదు.

చివరగా అంచనా తేదీ చూడండి. ఏడాదిన్నర కిందటి అంచనా ఆనాటి ఎస్‌ఎస్‌ఆర్ (పనులకు ప్రభుత్వం ఖరారు చేసే ప్రామాణిక ధరల పట్టిక) రేట్ల మీద ఉంటుంది. రేట్లు మారాయంటూ సవరించిన అంచనా కోసం ఫైలు వెనక్కి వచ్చి ఏఈ బల్ల మీదే ఉండొచ్చు. అలా ఉంటే సవరణ పూర్తి చేయించడం మీ మొదటి పని. బడ్జెట్ ఫిబ్రవరి, మార్చి నెలల్లో సభకు వస్తుంది. శాఖ ప్రతిపాదనలు అంతకు చాలా ముందే పైకి పోతాయి కాబట్టి, ఈఈ ఆఫీసు దరఖాస్తు ఈ వారమే పోస్టులో వేయండి.